నాలుగింటికి గేటు

శాంతితీరం వృద్ధాశ్రమం,
కుట్టనాడు.
జూన్ 4

షేర్లీ,

దీవెనలు. నీ పంటి నొప్పి ఎలా ఉంది? లవంగం నొక్కుకుని కూర్చోకుండా వెళ్లి పీకించుకో. మీ నాన్న కూడా ఇలాగే నానబెట్టి నానబెట్టి, దవడ వాచాక పరిగెత్తేవాడు.

నిన్న పొద్దున మా భోజనాల గదిలో గోడకు ఒక పటం తగిలించారు. ఏ పునీతుడి పటమో అనుకుని దగ్గరికి వెళ్లి చూస్తే, అద్దం కట్టించిన ప్రభుత్వ ఉత్తర్వు. నిస్సహాయ వృద్ధుల రక్షణ నియమావళి, మొత్తం ఇరవై రెండు నియమాలు. అడుగున కార్యదర్శి తరఫున సంతకం నీది. నీకు అక్షరాలు దిద్దించినదాన్ని కదా, ఆ 'ష' చూడగానే గుర్తుపట్టాను. పక్కనున్న నలుగురినీ పిలిచి ఈమె మా తమ్ముడి కూతురు, తిరువనంతపురంలో సెక్షన్ ఆఫీసరు అని చెప్పుకున్నాను. ఆ గొప్ప సాయంత్రం నాలుగు దాకా నిలిచింది.

నా గదిలో ఉండే కార్త్యాయని సంగతి నీకు ఇదివరకు రాశాను. ఎనభై ఒక్కేళ్లు. ఆవిడా, ఆవిడ మొగుడూ బతుకంతా ఈ కాలువల్లో బాతులు మేపారు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, అన్నదమ్ములు ఎప్పుడో పోయారు. ఇప్పుడు ఆవిడకు పొద్దున పలహారానికి తిన్న పుట్టు మధ్యాహ్నానికి గుర్తుండదు. బాతులు మాత్రం గుర్తున్నాయి. సరిగ్గా నాలుగింటికి లేచి నిలబడుతుంది. నేను చెయ్యి పట్టుకుని గేటు దాటించి ముప్పై అడుగుల దూరంలో ఉన్న పడవ రేవుకు తీసుకెళ్తాను. అక్కడ నిలబడి బా బా బా అని పిలుస్తుంది. నాకు వినపడదనుకో, మెడ నరాలు ఉబ్బడం కనిపిస్తుంది. పావుగంట అయ్యాక నా వైపు తిరిగి అడుగుతుంది: "అన్నీ వచ్చాయా టీచరమ్మా?" నేను, "వచ్చాయి. నాలుగు వందల పన్నెండు. ఒక్కటీ తక్కువ లేదు" అంటాను. అంతే, బుద్ధిగా వచ్చి టీ తాగి పడుకునేదాకా కిక్కురుమనదు. ఐదేళ్లుగా ఇదే. వానొస్తే గొడుగు వేసుకుని వెళ్లాం.

నిన్న నాలుగింటికి గేటుకు తాళం ఉంది. మేనేజరు వల్సల నీ తొమ్మిదో నియమం మీద వేలు పెట్టి చూపించింది. రక్తసంబంధీకులు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి, వెంట ఉండి తీసుకెళ్తే తప్ప ఎవరూ గేటు దాటకూడదట. ఈవిడకు రక్తసంబంధీకులు ఎవరూ లేరమ్మా అన్నాను. "అయితే ఎవరు అనుమతిస్తారు టీచర్? మీరే చెప్పండి" అంది. కార్త్యాయని గేటును కొట్టి కొట్టి వేళ్ల కణుపులు చీరుకుపోయాయి.

ఇవాళ నాలుగుకు ఇంకా పావుగంట ఉండగానే ఆయా ఓమన వచ్చింది. పాత ముండు పంచె చింపిన పేలికతో కార్త్యాయని కుడి మణికట్టు మంచం కోడుకు కట్టింది. కడుతూ తనే కళ్లు తుడుచుకుంది. "నేనేం చెయ్యను టీచరమ్మా, ఈవిడ పడితే నా ఉద్యోగం పోతుంది" అంది. ముప్పై నాలుగు మందికి ఇద్దరే ఆయాలు. దాన్ని ఏమని తిట్టను.

నీ నియమాలు రెండుసార్లు చదివాను. కట్టేయమని ఎక్కడా లేదు. కట్టేయకూడదని కూడా లేదు. షేర్లీ, ఒక్క వాక్యం రాయి. కార్త్యాయనిని రోజూ నాలుగింటికి నేను రేవుకు తీసుకెళ్లవచ్చని. ఇంకేమీ అక్కర్లేదు.

అత్త,
రాహేలమ్మ

*

తిరువనంతపురం,
జూన్ 15

ప్రియమైన అత్తయ్యకు,

పన్ను పీకించుకున్నాను. మీ ఉత్తరం వచ్చిన రోజే. ముఖం ఒకవైపు రొట్టెలా ఉబ్బింది, ఆఫీసులో అందరికీ నవ్వులాట అయింది.

అత్తయ్యా, మీ కోపం నాకు అర్థమైంది. కానీ ఈ నియమాలు ఎందుకొచ్చాయో మీరు పేపర్లో చదివే ఉంటారు. మార్చిలో ఉత్తరాన ఒక ఆశ్రమం నుంచి ఒక పెద్దాయన గేటు దాటి వెళ్లి చెరువులో తేలాడు. మూడు రోజులు ఎవరూ చూసుకోలేదు. టీవీల వాళ్లు మా ఆఫీసు మెట్ల మీదే కాపురం పెట్టారు. పదకొండు రోజుల్లో నియమావళి తయారు కావాలన్నారు. ఆ పదకొండు రోజులూ నేను ఇంటికి స్నానానికే వెళ్లాను. ఆ పెద్దాయన ఫోటో నా సొరుగులో ఇప్పటికీ ఉంది. ఇంకొకరికి అలా జరగకూడదనే రాశాను.

మీరు ఐదేళ్లుగా సాయంత్రం నడకకు అలవాటుపడ్డారు, అది ఆగిపోతే కష్టమే. అందుకని మీ మేనకోడలిగా సంతకం చేసి, మా డైరెక్టరు గారి చేత ముద్ర వేయించి మీ పేర ప్రత్యేక అనుమతి పత్రం తెప్పించాను. ఇందులో పెట్టాను. ఇక మీరు ఎప్పుడైనా గేటు దాటవచ్చు. ఇలాంటిది రాష్ట్రంలో ఇదొక్కటే.

కార్త్యాయని గారి విషయం కూడా నేను వదిలేయలేదు. నోటిమాటగా చెబితే పని జరగదు కాబట్టి పద్ధతి ప్రకారమే వెళ్లాను. మీ ఉత్తరం జెరాక్సు తీయించి, ఫైలు తెరిచి, నంబరు వేయించి వివరణ నిమిత్తం ఆశ్రమానికి పంపించాను. పదిహేను రోజుల్లో వాళ్లు జవాబు ఇచ్చి తీరాలి. మీరు నిశ్చింతగా ఉండండి.

కుడంపులి వేసిన చేపల పులుసు తిని ఎన్నాళ్లయిందో. ఇక్కడి పులుసులో చేప ఒక్కటే ఉంటుంది.

మీ షేర్లీ

*

శాంతితీరం,
జూన్ 27

షేర్లీ,

ఈ ఉత్తరం ఆఫీసు పెట్టెలో వేయడం లేదు. ఇవాళ ఒక పిల్లకు మొదటి పుట్టినరోజట, వాళ్లు మాకందరికీ భోజనం పెడుతున్నారు. ఈ వారంలో ఇది మూడో పుట్టినరోజు. చక్కెర జబ్బు వాళ్ల చేత కూడా పాయసం తాగించి, కేకు కోయించి, చప్పట్లు కొట్టించి ఫోటోలు తీసుకుంటారు. ఆ పిల్ల తల్లి చేతిలో ఈ కవరు పెడతాను. ఇకనుంచి నా ఉత్తరాలు పుట్టినరోజుల మీదే వస్తాయి. ఎందుకో రాస్తాను, కూర్చుని చదువు.

సోమవారం నన్ను ఆఫీసు గదికి పిలిచారు. వల్సల బల్ల మీద నా ఉత్తరం ఉంది. నా చేతిరాత. నీ పంటి నొప్పి గురించి రాసిందీ, మీ నాన్న దవడ గురించి రాసిందీ, ఓమన ఏడ్చిందని రాసిందీ మొత్తం. పైన నీ ముద్ర. ఎవరి మీద చెప్పానో వాళ్ల చేతిలోనే నువ్వు నా ఉత్తరం పెట్టావు. వల్సల ముఖం చిట్లించలేదు, నవ్వుతూనే అడిగింది. "మేం మీకేం తక్కువ చేశాం టీచర్?" ముప్పై ఐదేళ్లు బడిలో పనిచేశాను. ఒక పిల్ల వచ్చి ఫలానా మాస్టరు కొడుతున్నాడని చెబితే, ఆ పిల్లను తీసుకెళ్లి ఆ మాస్టరుకే అప్పగించి ఇదేమిటో కనుక్కోండి అనలేదు నేను. ఇది మీ పద్ధతా? దీనికి నంబరు కూడా వేస్తారా?

ఓమనకు మెమో ఇచ్చారు. అది నా మొహం చూడడం మానేసింది. కార్త్యాయనిని ఆ సాయంత్రమే నా గది నుంచి తీసేసి వెనక స్టోరు పక్క గదిలో వేశారు. ఎందుకంటే నేను ఆవిడను రెచ్చగొడుతున్నానట. అక్కడ కిటికీ లేదు. ఇప్పుడు నాలుగింటికి ఒక్క చెయ్యి కాదు, రెండు చేతులూ కడుతున్నారు. భోజనాలప్పుడు చూశాను, మణికట్ల మీద గాజులు వేసినట్టు ఎర్రగా చారలు.

నీ అనుమతి పత్రం తిప్పి పంపుతున్నాను. నేను నా షికారు కోసం రాశానని నువ్వు ఎలా అనుకున్నావు? నాకు కాళ్లు నొప్పులు, రేవుకు వెళ్లి రావడమంటే నాకు నరకం. ఆవిడ కోసం వెళ్తున్నాను. నాలుగింటికి నేనొక్కదాన్నే ఆ గేటు దాటి కాలువ ఒడ్డున నిలబడి ఏం చెయ్యను, బాతుల్ని నేను పిలవనా?

ఒక్క వాక్యం అడిగాను. నువ్వు ఫైలు తెరిచావు.

రాహేలమ్మ

*

తిరువనంతపురం,
జూలై 10

అత్తయ్యా,

మీ ఉత్తరం అందింది. జెరాక్సు సంగతి నిజమే, మొదటి పేరా తీసేసి పంపాల్సింది. అది నా పొరపాటు. కానీ ఏ ఫిర్యాదు అయినా అవతలి వాళ్లను అడగకుండా ఎలా తేల్చగలం? అందరి విషయంలోనూ ఇలాగే చేస్తాం.

శాంతితీరం జవాబు వచ్చింది. మీకు చూపించకూడదు, అయినా రాస్తున్నాను. కార్త్యాయని గారికి రోజూ కొద్దిసేపు "మెత్తని వస్త్రంతో భద్రతా ఆసరా" ఇస్తున్నారట. మీరు కేకల మాటే రాయలేదు, అయినా ఫిర్యాదు చేసినవారికి పూర్తిగా చెవుడు కాబట్టి కేకలు విన్నారన్నది నమ్మదగినది కాదని రాశారు. పైగా ఈ మధ్య మీరు అన్నం తినకుండా లేచిపోతున్నారనీ, ఉన్నవి లేనట్టు, లేనివి ఉన్నట్టు చెబుతున్నారనీ, నాలుగు వందల బాతుల గురించి మాట్లాడుతున్నారనీ కూడా ఉంది.

కోప్పడకండి అత్తయ్యా, నేను దాన్ని నమ్మడం లేదు. కానీ మీకు డెబ్భై నాలుగేళ్లు. ఒక్కసారి డాక్టరు చూస్తే నష్టం ఏముంది? మీ జ్ఞాపకశక్తి బాగుందని కాగితం ఉంటే మీ మాటకే బలం వస్తుంది. అది కూడా నేను ఏర్పాటు చేశాను.

ఇంకొకటి, ఇది మీకు సంతోషం కలిగిస్తుంది. తనిఖీ బృందాన్ని పంపుతున్నాను. జూలై 24న వస్తారు. నిబంధన ప్రకారం ఆశ్రమానికి వారం ముందే తెలియజేస్తాం. ఆ రోజు మీరు చెప్పాల్సింది ధైర్యంగా చెప్పండి.

మీ షేర్లీ

*

శాంతితీరం,
జూలై 26

షేర్లీ అమ్మగారికి,

నీ తనిఖీ అయిపోయింది. విను.

18వ తేదీన కొత్త దుప్పట్లు వచ్చాయి. 20న గోడలకు సున్నం. 22న స్టోరు పక్క గదిలోంచి కార్త్యాయనిని తెచ్చి మళ్లీ నా గదిలో పడుకోబెట్టారు. 24న పొద్దున ఆవిడకు పొడుగు చేతుల జాకెట్టు తొడిగి, ముఖానికి పౌడరు రాసి, కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో ప్రార్థన పుస్తకం పెట్టారు. ఆవిడ పుట్టి బుద్ధెరిగి చర్చి గడప తొక్కలేదు. భగవతి గుడికి వెళ్లే మనిషి.

నీ వాళ్లు ముగ్గురు వచ్చారు. వంటగది చూశారు, మంటలార్పే సీసా చూశారు, నీ పటం చూశారు. నా దగ్గరికి వచ్చిన కుర్రాడు కాగితం మీదికి వంగి ఏదో అడిగాడు. నేను పెదాలు చూసి అర్థం చేసుకుంటాను నాయనా, ముఖం పైకెత్తి అడుగు అన్నాను. తలెత్తకుండానే టిక్కు పెట్టాడు. ఏం టిక్కు పెట్టావని లాక్కుని చూశాను. "సంతృప్తికరం" అని ఉంది. జాకెట్టు చేతులు పైకి లాగి మణికట్లు చూడమన్నాను. వల్సల నా భుజం మీద చెయ్యి వేసి వాళ్లతో ఏదో చెప్పింది, వాళ్లు జాలిగా తలూపారు. పిచ్చివాళ్లకు ఊపే తల నాకు తెలుసు.

ఎన్నింటికి వెళ్లిపోయారో తెలుసా? మూడింటికి. రేవు దగ్గర పడవ దొరకదని తొందరపడ్డారట. నాలుగింటికి జరిగేదాని గురించి నేను రాశాను. నాలుగు అని ఐదుసార్లు రాశాను. ఒక్క గంట ఆగి ఉంటే చాలు.

వాళ్ల పడవ మలుపు తిరిగాక ఓమన పేలిక తీసుకుని వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను. నన్ను పక్కకు జరిపి కట్టింది. మర్నాడు కార్త్యాయనిని మళ్లీ స్టోరు పక్కకు మార్చారు.

నీ డాక్టరు కూడా వచ్చాడు. ఇవాళ ఏ వారం అని అడిగాడు. ఏ వారమో చెప్పి, పదిహేడో ఎక్కం అప్పజెప్పి, నీ తొమ్మిదో నియమం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. "మీకు బాగా కోపం ఉందే" అన్నాడు. కోపానికి ఏదైనా మాత్ర ఉందా అని అడిగితే రాసిచ్చాడు కూడా. చీటీ ఇందులో పెడుతున్నాను, ఫైల్లో కుట్టుకో.

నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. నా బుద్ధికి కాగితం అడిగావు. ఆ నియమాల కింద సంతకం పెట్టిన చేతికే నొప్పి తగలాలని ఇలా రాస్తున్నాను.

రాహేలమ్మ

*

శాంతితీరం,
ఆగస్టు 9

షేర్లీ,

నిన్న నాలుగింటికి కార్త్యాయని లేచింది. రెండు చేతులూ కట్టి ఉండగా లేచింది. ఇనుప మంచం పక్కకు ఒరిగి ఆవిడ మీద పడింది. అరిచిందో లేదో నాకు తెలియదు, నేను చెవిటిదాన్ని. అరిచినా విన్నవాళ్లు లేరు, హాల్లో ఎవరిదో పుట్టినరోజు పాట నడుస్తోందట. ఐదున్నరకు టీ ఇవ్వడానికి వెళ్లి చూశారు. తుంటి ఎముక విరిగింది. జిల్లా ఆసుపత్రికి పడవలో తీసుకెళ్లారు. బతుకుతుందంటున్నారు. నడవదంటున్నారు.

రిజిస్టరులో "కాలు జారి పడుట" అని రాశారు.

ఓమన రాత్రి నా దిండు కింద ఏదో పెట్టి వెళ్లింది. పొద్దున చూస్తే పేలిక. ముడి విప్పలేదు, కత్తెరతో కోసింది. రక్తం ఎండి గట్టిపడింది. ఇందులో పెడుతున్నాను.

దీన్ని కూడా వివరణ నిమిత్తం వాళ్లకే పంపు.

రా.

*

తిరువనంతపురం,
సెప్టెంబరు 3

అత్తయ్యా,

పేలిక ఎవరికీ పంపలేదు. పోలీసు స్టేషనుకు నేనే పట్టుకెళ్లి సంతకం పెట్టించుకుని ఇచ్చాను. ఓమన వాంగ్మూలం ఇచ్చింది. వల్సలను ప్రస్తుతానికి పక్కన పెట్టారు, కేసు ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేను. చెప్పలేనిది చెప్పానని మళ్లీ అనిపించుకోను.

మీకు రాయాల్సింది ఇంకొకటుంది. ఆగస్టు 14న నేను మామూలు మనుషుల్లా మా ఆఫీసు ఫిర్యాదుల కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఒక ఫిర్యాదు ఇచ్చాను. తొమ్మిదో నియమం మీద, అది రాసిన అధికారి మీద, ఫిర్యాదును నిందితుల చేతికే అందించిన అధికారి మీద. నా పేరుతో, ఇంటి చిరునామాతో. ఇరవై ఒకటో తేదీన అటెండరు నా బల్ల మీద ఒక ఫైలు పెట్టి వెళ్లాడు. పైన చీటీ: "సంబంధిత అధికారి వివరణ నిమిత్తం." విప్పి చూస్తే నా చేతిరాతే. పక్క సీటు వాడు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒక్క లైను రాసి మూసేయండి మేడం, విచారించి పరిష్కరించడమైనది అని" అన్నాడు. ఆ లైను నాకు కంఠతా వచ్చు.

అప్పుడు బీరువా తీసి లెక్క చూశాను. ఈ మూడు నెలల్లో నా చేతుల మీదుగా ఒక్కో ఆశ్రమానికి ఒకటి చొప్పున వివరణకు వెళ్లిన ఫిర్యాదులు ముప్పై ఒకటి. కొన్నింటిలో అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒకదాంట్లో సంతకం చోట వేలిముద్ర ఉంది, వేరెవరి చేతో రాయించుకున్నట్టున్నారు. వాళ్లందరినీ కూడా మీలాగే ఆఫీసు గదికి పిలిచి ఉంటారు. మీకు కనీసం నేనున్నాను తిట్టడానికి.

వివరణ గడిలో ఇలా రాశాను: "ఫిర్యాదులో ఉన్నదంతా నిజం. నియమం రాసేటప్పుడు అక్కడ ఉండే ఒక్క మనిషినీ నేను అడగలేదు." కింద సంతకం పెట్టాను. ఫిర్యాది సంతకమూ నాదే, అధికారి సంతకమూ నాదే. డైరెక్టరు గారు పిలిచి ఇది వెనక్కి తీసుకోమన్నారు, తీసుకోలేదు. నన్ను ఎక్కడికో బదిలీ చేస్తారట. ఆ ముప్పై ఒక్క ఆశ్రమాలకూ వెళ్లడానికి సెలవు పెట్టాను. వారం ముందు ఎవరికీ తెలియజేయను. నాలుగు దాటేదాకా కదలను.

తొమ్మిదో నియమం ఇంకా గోడమీదే ఉంది అత్తయ్యా. మార్చాలంటే కమిటీ కూర్చోవాలట.

మొన్న ఆదివారం ఆసుపత్రికి వెళ్లాను. కార్త్యాయని గారిని ఎప్పుడూ చూడలేదు కదా, మంచం నంబరు అడిగి పట్టుకున్నాను. పడుకునే ఉన్నారు. చేతులకు ఏ కట్టూ లేదు. అయినా రెండు మణికట్లూ మంచం కమ్మీలకు ఆనించి, కదలకుండా పెట్టుకున్నారు. నర్సు ఎన్నిసార్లు తీసి ఒళ్లో పెట్టినా మళ్లీ అక్కడే పెడుతున్నారట.

నాలుగింటికి గొంతు కదిలింది. మాట బయటికి రాలేదు. ఆ గది కిటికీలోంచి గోడ తప్ప ఏమీ కనిపించదు. పావుగంటకు నా వైపు తిరిగి, "అన్నీ వచ్చాయా?" అని అడిగారు.

"వచ్చాయమ్మా. నాలుగు వందల పన్నెండు. ఒక్కటీ తక్కువ లేదు" అన్నాను.

కళ్లతో మణికట్లు చూపించారు.

"అయితే ఇక విప్పు తల్లీ" అన్నారు.

లేని ముడి విప్పాను. రెండో చేతిదీ విప్పాను. అప్పుడు చేతులు ఒళ్లోకి తీసుకున్నారు.

మీ షేర్లీ